బిడారు దారిలో ఓపల్ గనులు

దక్షిణ ఆస్ట్రేలియాలో, అడిలైడ్ నగరానికి ఉత్తరంగా సుమారు 850 కిలోమీటర్ల దూరాన, కూబర్ పెడీ అనే వూరుంది. ఓపల్ రాయికి అది పేరుబడ్డ చోటు. కారు వెనుక తగిలించుకుపోయే బండియిల్లు ఒకటి తీసుకుని, మిత్రులతో కలిసి నేనా దారిన ప్రయాణం చేశాను. ఆ బండిని అక్కడివాళ్లు కారవాన్ అంటారు. ఆ మాటకు మన భాషలో అసలు అర్థం బిడారు. నూరేళ్ల క్రితం ఆ యెడారిలో నిజమైన బిడార్లే నడిచాయి. 1987లో తారు వేయటం పూర్తయిన రహదారి మీద సుఖంగా పోతున్న నాబోటి యాత్రికుడికి ఆ సంగతి తట్టదు. తట్టాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆ వూరి పుట్టుకను గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. 1915 ఫిబ్రవరి 1వ తేదీన, బంగారం కోసం వచ్చిన చిన్న బృందంలో విల్లీ హచిసన్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడు నీళ్లకోసం వెతుకుతూ ఓపల్ రాళ్లు చూశాడు. 1917లో ఖండాంతర రైలుమార్గం పూర్తయి పని పోయిన కూలీలు అక్కడికి చేరారు. వారి వెనుక మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు వచ్చారు. కందకాలలో బతికిన అలవాటు కొద్దీ వారు ఎండనుంచి తప్పించుకోవటానికి కొండ తొలిచి యిళ్లు చేసుకున్నారు. నేటికీ ఎంతోమంది అలాంటి యిళ్లలోనే వుంటున్నారు. ఆ గనులమీద పెద్ద కంపెనీ లేదు. నాలుగు మూలలా గూటాలు పాతుకుని ఎవడి చెక్క వాడు తవ్వుకుంటాడు. అంచేత ఇది స్వేచ్ఛామానవుడి సీమ అనీ, యజమాని లేని లోకం అనీ గొప్పగా చెబుతారు.

ఈ కథ అబద్ధం కాదు. కాని సగం కథ. స్వేచ్ఛామానవుడికి ఆ యెడారిలో పిండీ, గునపమూ, ప్రేలుడుమందూ ఎవరు మోసుకొచ్చి యిచ్చారు? అతడు గూటాలు పాతిన నేల అంతకుముందు ఎవరిది? అతడు తవ్వితీసిన రాయికి వెల కట్టేదెవరు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పకుండా రాసిన చరిత్ర చరిత్ర అనిపించుకోదు.

మొదటి ప్రశ్న మనకు దగ్గరిది. 1860లో బర్క్, విల్స్ అనేవారి అన్వేషక బృందం కోసం మన దేశంనుంచి ఒంటెలను, వాటిని నడిపే మనుషులను ఆస్ట్రేలియాకు ఓడ యెక్కించారు. 1866 నాటికి థామస్ ఎల్డర్ అనే భూస్వామి కోసం కరాచీనుంచి నూటికి పైగా ఒంటెలు, వాటితో ముప్పైమంది దాకా ఒంటెకాపరులు వెళ్లారు. తరవాత ఇంకా వేలాదిగా దిగుమతి చేసుకున్నారు. బలూచీలు, పఠానులు, సింధీలు, పంజాబీలు అందరినీ కలిపి తెల్లవారు ‘ఆఫ్ఘన్లు’ అని ఒకే పేరు పెట్టారు. 1872లో పూర్తయిన ఖండాంతర తంతి లైనుకు సామగ్రి మోసినవారిలో వీరున్నారు. 1891లో ఊడ్నదత్తా చేరి, 1929లో ఆలిస్ స్ప్రింగ్స్ చేరిన రైలుమార్గం వెంబడి గొర్రెల ఉన్ని మోసినవారూ వీరే. రైలు లేని చోట ఒంటె తప్ప గతి లేదు. ఓపల్ సీమలోకి తొలిరోజుల దారి కూడా ఒంటెదే.

పని వున్నంతకాలం వారు కావాలి. హక్కు మాత్రం వద్దు. పశ్చిమ ఆస్ట్రేలియాలో బంగారు గనుల చట్టాలు ఆసియావాసులకు గని హక్కు నిరాకరించాయి. 1901లో వచ్చిన వలస నిరోధక చట్టం యూరపు భాషలో శ్రుతలేఖన పరీక్ష పెట్టి రంగు మనుషులను బయట నిలిపింది. మోటారు లారీలు వచ్చాక, 1925లో దక్షిణ ఆస్ట్రేలియా శాసనసభ ఒంటెల వధకు ఏకంగా ఒక చట్టమే చేసింది. తమతో బతికిన జంతువులను కాల్చలేక చాలామంది యెడారిలోకి వదిలేశారు. నేడు అక్కడ తిరిగే అడవి ఒంటెలు ఆ మంద సంతానమే.

ఇక రెండవ ప్రశ్న. కూబర్ పెడీ అనే పేరే దానికి జవాబు చెబుతుంది. ‘కుపా పిటి’ అనే ఆదివాసి మాటల నుంచి 1920లో ఆ పేరు పెట్టారు. ‘బొరియలో తెల్లవాడు’ అని దానికి సాధారణంగా చెప్పే అర్థం. ఆ నేలను ఎరిగినవారు కొత్తగా వచ్చినవారిని చూసి పెట్టిన పేరన్నమాట! కాని ఆ ఎరుక గలవారినే గని అంచుకు నెట్టారు. తవ్వి పారబోసిన మట్టిగుట్టలను చేత్తో జల్లించి, తప్పిపోయిన రాతిముక్కలను ఏరుకోవటమే చాలామంది ఆదివాసులకు మిగిలిన జీవనోపాధి. అయినా రెండవ ప్రపంచయుద్ధం తరవాత చప్పబడ్డ ఆ వూరికి తిరిగి ప్రాణం పోసినది టాటీ బ్రయంట్ అనే ఆదివాసి స్త్రీయే. 1946లో ఎయిట్ మైల్ అనే చోట ఆమెకు దొరికిన ఓపల్ వల్లనే మళ్లీ జనం పరుగెత్తుకొచ్చారు. కుర్రవాడి పేరు తెలిసినంతగా ఆమె పేరు లోకానికి తెలియదు.

మూడవ ప్రశ్నకు జవాబు గనిలో దొరకదు. ఓపల్‌లో రంగు ఎలా వస్తుందో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1964లో తేల్చారు. అతి సూక్ష్మమైన సిలికా గుండ్లు వరసగా, ఒకే పరిమాణంలో పేర్చుకుంటే వెలుగు విరిగి రంగులు పుడతాయి. వరస తప్పితే అదే పదార్థం చప్పిడి రాయి. నెలల తరబడి తవ్వినవాడికి చప్పిడి రాయే దొరికిందనుకోండి, అతని చెమటకు అంగడిలో విలువ సున్న. రంగు రాయి దొరికినా వెల చెప్పేది కొనుగోలుదారుడు. రేపటి యంత్రపు నూనెకు డబ్బు లేనివాడు బేరమాడలేడు. యజమాని లేకపోవటమంటే దోపిడీ లేకపోవటం కాదు. యజమాని గని వొడ్డున గాక అంగడిలో కూర్చున్నాడు, అంతే తేడా.

ఆ నేలమీద చివరి దెబ్బ ఓపల్ వల్ల వచ్చింది కాదు. 1953 అక్టోబరు 15న, కూబర్ పెడీకి పశ్చిమాన ఎమూ ఫీల్డ్ వద్ద బ్రిటిషు ప్రభుత్వం అణుబాంబు పేల్చింది. నల్లటి పొగమంచు తమ నివాసాల మీదుగా సాగిందని ఆదివాసులు చెబితే ముప్పై యేళ్ల దాకా వినేవారు లేరు. 1984-85లో రాయల్ కమిషన్ విచారించి, ఆ పేలుడుకు గాలి వాటం అనుకూలంగా లేదని ఒప్పుకుంది. 1998లో అదే సీమలో అణు వ్యర్థాలు పూడ్చాలని కేంద్ర ప్రభుత్వం తలపెట్టినప్పుడు కూబర్ పెడీ ముసలమ్మలు ఎదురు తిరిగారు. ‘కుపా పిటి కుంగ్కా చూటా’ అనేది వారి సంఘం. వారికి పొగమంచు జ్ఞాపకముంది. ఆరేళ్ల పోరాటం తరవాత 2004లో ప్రభుత్వం వెనక్కు తగ్గింది. 2011లో ఆ ప్రాంతంమీద ఆదివాసుల సంప్రదాయ హక్కును న్యాయస్థానం గుర్తించింది.

తిరుగు ప్రయాణంలో, మట్టిగుట్టలు దాటిపోతుంటే నాకు తట్టిందిది: ఆ గుట్టలను జల్లించే పని చరిత్రకారుడికీ వుంది. గెలిచినవాడు తనకు అక్కరలేదని పారబోసిన మట్టిలోనే ఒంటెకాపరి వున్నాడు, టాటీ బ్రయంట్ వుంది, అణుబాంబును ఎదిరించిన ముసలమ్మ వుంది. మన వూళ్ల గనుల చరిత్ర, కాలవల చరిత్ర రాయబోయే విద్యార్థులు మొదట గుట్ట దగ్గర కూర్చోవాలి. అక్కడ ఏరి, ఆ తరవాత శిలాఫలకం చదవాలి.