అమెరికా వర్ణభేదము: లోకపు చూపు

1955 ఆగస్టులో టెక్సాస్ రాష్ట్రమందలి హ్యూస్టన్ విమానాశ్రయమున భారత రాయబారి గగనవిహారి మెహతా భోజనశాలలో కూర్చుండగా, ఆయన మేనిచాయను జూచి వేరొక గదికి పొమ్మనిరి. ఆ శాల తెల్లవారికే ప్రత్యేకింపబడినది. వార్త పొక్కగానే విదేశాంగ మంత్రి డల్లెస్ క్షమాపణ చెప్పుకొనెను. రాయబారికి క్షమాపణ లభించెను. కాని ఆ గడ్డపైననే పుట్టి, ఆ అవమానమునే దినదినము భరించుచుండిన నల్లజాతి పౌరులకు క్షమాపణ చెప్పువారెవ్వరు?

1865లో దాస్యము రద్దయినను, 1896లో సుప్రీంకోర్టు వేరుగా నున్నను సమానమేయను సిద్ధాంతము నంగీకరించెను. దాని నాధారముగా గొని దక్షిణ రాష్ట్రములు బడులను, రైలు పెట్టెలను, హోటళ్లను జాతినిబట్టి వేరుచేసెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఈ విషయము ఇంటిగుట్టుగా నిలువలేదు. ఆసియా, ఆఫ్రికా దేశములు స్వతంత్రములగుచుండెను. స్వేచ్ఛను గూర్చి అమెరికా చెప్పు మాటలను సోవియట్ రష్యా ఈ యుదాహరణముతోనే ఖండించుచుండెను. 1952 డిసెంబరులో, పాఠశాలల వ్యాజ్యమున, వర్ణభేదము విదేశములలో దేశమునకు హాని చేయుచున్నదని అమెరికా ప్రభుత్వమే న్యాయస్థానమునకు విన్నవించెను. 1954 మే 17న బడులలో జాతివిభజన చెల్లదని న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో ఆ వార్తను పెక్కు భాషలలో లోకమునకు చాటెను.

అయితే తీర్పు వేరు, తలపు వేరు. 1957 సెప్టెంబరులో లిటిల్‌రాక్ పట్టణమున 9 మంది నల్లజాతి విద్యార్థులు హైస్కూలునకు రాగా, ఆర్కన్సా గవర్నరు సాయుధదళముల నడ్డునిలిపెను. జనసమూహము ఒక బాలికను వెన్నంటి దూషించుచున్న ఛాయాచిత్రము దేశదేశముల పత్రికలలో వెలువడెను. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యమును పంపి, సెప్టెంబరు 24నాటి ప్రసంగమున, ఇందువలన లోకములో దేశప్రతిష్ఠకు భంగము కలుగుచున్నదని చెప్పెను.

కాని పరుల చూపే మార్పు తెచ్చెననుట సరికాదు. మాంట్‌గొమరీ నగరమున 381 దినములు బస్సులెక్కక, కాలినడకనో, తోటివారి కారులలోనో పనులకు పోయిన సామాన్యుల పట్టుదల దానికి బలము. వారి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ 1959లో గాంధీజీ దేశమును దర్శింపవచ్చి, మార్చి 9న ఆకాశవాణి ద్వారా మన ప్రజలకు వీడ్కోలు పలికెను. 1964లో పౌరహక్కుల చట్టము, 1965లో ఓటుహక్కు చట్టము వచ్చెను.

మనస్సు మారుటకు మఱింత కాలము పట్టెను. గాలప్ సంస్థ విచారణలో, తెల్లవారికిని నల్లవారికిని జరుగు వివాహముల నామోదించినవారు 1958లో నూటికి 4, 2021లో 94. అట్టి వివాహములను నిషేధించు శాసనములను సుప్రీంకోర్టు 1967లోనే కొట్టివేసెను. నాటికి ప్రజలలో అధికసంఖ్యాకులు సమ్మతించియుండలేదు. చట్టము ముందు నడచెను, హృదయము వెనుక నడచెను. అయినను, అడిగినవారికి చెప్పు సమాధానము వేరు, వీధిలోని నడవడి వేరు. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలిక్రింద జార్జి ఫ్లాయిడ్ ప్రాణము విడువగా, లండను, పారిసు వీధులలో సైతము జనులు నిరసన తెల్పిరి.

కేరళలో ఒక పాఠశాలయందు ప్రధానోపాధ్యాయుడు తనను అమెరికానుండి వచ్చిన సాటి అస్పృశ్యుడని విద్యార్థులకు పరిచయము చేయగా మొదట నొచ్చుకొంటినని, పిదప అది సత్యమేయని తెలిసికొంటినని కింగ్ తరువాత చెప్పెను. మన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. మెహతా కవమానము జరిగిన 1955లోనే అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. హ్యూస్టన్‌లో మన రాయబారిని లేపినందుకు నొచ్చుకొన్న మనము, మన యూరి బావికడ, గుడివాకిట జరుగుదానిని ఆ కన్నుతోనే చూచితిమా?