అడవిపందికి ఏ తుపాకి?

గోదావరి డెల్టాలో వరి రైతుకు అడవిపంది గోల పెద్దగా తెలియదు. గోకవరం దాటి రంపచోడవరం వైపు కొండెక్కితే, అవతలి గట్టున పోలవరం, బుట్టాయగూడెం మెట్టల్లోకి పోతే అదే ఏటేటా తప్పని నష్టం. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకి మంద దిగుతుంది. తెల్లారేసరికి చేను నాగలి పెట్టి దున్నినట్టు ఉంటుంది. ఆ పందిని దేనితో కొట్టాలన్న ప్రశ్న ఈ కొండల్లో తరతరాలది. ఆయుధాన్ని ఎంచుకునే వీలు మాత్రం వేటగాడికి చాలా అరుదుగా దొరికింది. ఇక్కడ తుపాకిని ఎంచింది సర్కారు భయం. పంది తోలు ఎంత మందం, కొండ ఎంత వాలు అన్నవి ఆ తర్వాతి లెక్కలు.

తుపాకి రాకముందు వేట అంటే ఊరుమ్మడి పని. మనుచరిత్రలో స్వరోచి వేటైనా, కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడి వేటైనా అందులో కుక్కలు, వలలు, గుంపులు ఉంటాయి. కొండరెడ్లు, కోయలు వాడే విల్లు వెదురుది, దాని నారి కూడా వెదురు బద్దే. కొందరు డొంకలు కొడుతూ అరుస్తూ జంతువును తరుముతారు, మిగిలినవాళ్లు అది వచ్చే దారిలో కాపు వేస్తారు. 1940ల మొదట్లో పాపికొండల రెడ్ల మధ్య ఉండి పరిశోధించిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1945లో 'ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' ప్రచురించాడు. ఏజెన్సీలో చైత్రమాసపు ఇటుకల పండగకు మగవాళ్లంతా వేటకు పోవడం, దొరికిన మాంసం వాటాలు వేసుకోవడం ఆచారం. పందిని బాణంతో పడగొట్టాలంటే ఇరవై ముప్పై గజాల లోపలికి పోవాలి. ముదురు మగపంది భుజాల మీద తోలు కింద గట్టి పలక లాంటి పొర ఉంటుంది, తోటి మగపందుల కోరల దెబ్బలు కాచుకోడానికి. గుండె ముంగాలి వెనక బాగా కిందికి ఉంటుంది. బాణం ఆ కాస్త చోట తగలకపోతే పంది పోతూ పోతూ కుక్కనో మనిషినో చీల్చేస్తుంది.

గోదావరి గడ్డమీద తుపాకి గట్టిగా మోగింది 1758 డిసెంబరులో, పిఠాపురానికి చేరువలోని చందుర్తి యుద్ధంలో. ఇంగ్లిషు సేనాని ఫోర్డు అక్కడ ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ను ఓడించాడు. అప్పటి సిపాయిలది చెకుముకి తుపాకి: నున్నటి గొట్టం, మూతి నుంచి మందు. తర్వాత చెకుముకి పోయి కేపు వచ్చింది గానీ, మూతి నుంచి మందు దట్టించే పద్ధతి కొండల్లో నాటు తుపాకి రూపంలో నేటికీ ఉంది. దాన్ని నింపడం చూస్తే తెలుస్తుంది వేటగాడి ఇబ్బంది. కొలతగా మందు పోయాలి, పీచు కుక్కాలి, సీసపు గుండు జారవిడవాలి, అది బయటికి దొర్లిపోకుండా మళ్లీ పీచు కుక్కాలి, కడ్డీతో దట్టించాలి, చివరికి కేపు పెట్టాలి. వానాకాలం మంచె మీద మందు చెమ్మగిల్లితే కేపు ఒక్కటే టప్పుమంటుంది. పేలినా ఒక్కటే దెబ్బ. పెద్ద గుండు నలభై గజాల్లో తగిలితే పంది పడుతుంది. సీసం కరువై చిన్న గుళ్లో ఇనుప ముక్కలో పోస్తే అవి భుజం పలకలో ఇరుక్కుంటాయి, పంది వారం రోజులు కుళ్లి చస్తుంది. ఈ చావు నాకు బాధ కలిగిస్తుంది. పంట పోయిన రైతు మీద ఎంత జాలి ఉన్నా సరే.

వైస్రాయి లిట్టన్ కాలపు ఆయుధాల చట్టం 1878లో వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరమైంది. మరుసటేడు 1879 మార్చిలో రంప ప్రాంతం తిరుగుబాటుతో భగ్గుమంది. కల్లు మీద పన్ను, అక్కడి జమీందారైన మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం అందుకు కారణాలు. తిరుగుబాటు నాయకుల్లో ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల పోలీసు స్టేషను తగలబెట్టాడు. తమ్మన్నదొర కొండల్లో 1880 దాకా నిలిచాడు. పంటచేను మంచె మీద కాపు కాసిన తుపాకే పితూరీలోనూ పేలుతుందని అధికారులకు తెలిసొచ్చింది. ఏజెన్సీలో తుపాకి అడిగినవాడికి ఆనాటి నుంచీ పంట సంగతి కన్నా ముందు నమ్మకం సంగతి ఎదురైంది.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా పడి 26 తుపాకులు, 2,500 దాకా తూటాలు పట్టుకుపోయాడు. విల్లుతో వేటాడే చేతులకు వెనక నుంచి తూటా నింపే తుపాకులు దొరికాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో ఆ చేతులే ఇద్దరు ఇంగ్లిషు అధికారులు స్కాట్ కవర్డ్, హేటర్‌లను కాల్చి చంపాయి. కొండ వాలు, డొంక చాటు, దగ్గరి దూరం, మొదటి దెబ్బ: వేటలో నేర్చినవన్నీ అక్కడ అక్కరకొచ్చాయి. ఆ పోరాటాన్ని వేట విద్య కోణం నుంచి చూసినవాళ్లు తక్కువ.

అదే కాలంలో దొరల వేట వేరే దారిలో పోయింది. మైదానాల్లో వాళ్లు గుర్రమెక్కి పందిని బల్లెంతో పొడిచేవారు, కాల్చడం చిన్నతనమనుకునేవారు. గుర్రం పోలేని కొండల్లో మాత్రం రైఫిల్ పట్టేవారు. వాళ్ల రైఫిల్ కొలతల్ని కూడా తిరుగుబాటు భయమే మార్చింది. సైన్యం తూటాలు తిరుగుబాటుదార్లకు చిక్కకూడదని 1907 ప్రాంతంలో .450 బోరును నిషేధించారు. లండన్ కంపెనీలు .470, .465 కొత్తగా తయారు చేయాల్సి వచ్చింది. .303 సైన్యానిది కాబట్టి పౌరులకు అందలేదు. ఆ ఖాళీలోకి ఆస్ట్రియా మన్లిషర్ తూటా నుంచి పుట్టిన .315 వచ్చి కూర్చుంది. స్వతంత్రం వచ్చాక ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దాన్నే చేసింది: బోల్టు లాగి కాల్చే, మ్యాగజీనులో 5 తూటాలు పట్టే స్పోర్టింగ్ రైఫిల్. సుమారు 16 గ్రాముల మెత్తని ముక్కు గుండు పందికి ఎక్కువే గానీ తక్కువ కాదు. 1980ల నుంచి విదేశీ తుపాకుల దిగుమతి మూతపడ్డాక రైఫిల్ కావాలన్న మామూలు లైసెన్సుదారుకు మిగిలింది దాదాపు అదే.

రైతుకు అదీ దక్కలేదు. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను పంట రక్షణకు పేరు పెట్టి మరీ మూతి నుంచి మందు పోసే తుపాకినే చెప్పింది. అది చాలదని అధికారికి తోస్తే వేరే నున్నగొట్టం తుపాకి ఇవ్వవచ్చంది. రైఫిల్ మాట లేదు. ఇందులో పాత అనుమానపు వాసన ఉంది. అయినా నేలను బట్టి చూస్తే ఈ నిబంధనలో సగం న్యాయం ఉందనే అంటాను. రైఫిల్ గుండు గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది, బండరాయికి తగిలి పక్కకు మళ్లుతుంది. పోడు చేల మధ్య ఇళ్లు చెల్లాచెదురుగా ఉన్న చోట మంచె మీంచి నేలవైపు, నలభై గజాల లోపు, 12 బోరు తుపాకితో ఒంటి గుండు వేయడమే మేలు. గుండు మట్టిలో దిగుతుంది. రైఫిల్ పనికొచ్చేది లోయకు ఈవలి నుంచి ఆవలి వాలు మీది జంతువును కొట్టేటప్పుడు. అక్కడా ఒక మెలిక ఉంది: వాలు మీద ఎగువకైనా దిగువకైనా కంటికి కనిపించే దూరం లెక్కేసుకుని గురిపెడితే గుండు జంతువు మీదుగా పోతుంది. గుండును కిందికి లాగేది అడ్డదూరం మేరకే.

అలాంటి దూరపు వేటకు పేరుపడ్డవి కొండమేకలు. దక్షిణాదిన కొండమేక అనదగ్గది నీలగిరి తార్ ఒక్కటే, అది తమిళనాడు, కేరళ కొండల్లో ఉంటుంది. మన అడవుల్లో ఉన్నది కొండగొర్రె, నాలుగు కొమ్ములది, 20 కిలోల చిన్న ప్రాణి. అది వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, దాని జోలికి పోకూడదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో సరదా వేటకు కాలం చెల్లింది. పాపికొండలు 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. పంటకు ప్రమాదమైతే ఆ చట్టం 11వ సెక్షను కింద అధికారి రాతపూర్వక అనుమతితోనే కాల్చాలి. అంతకుముందే 1987 డిసెంబరులో ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఐఏఎస్ అధికారులను అపహరించారు. తుపాకి పట్టిన గిరిజనుడంటే పాత అనుమానం మళ్లీ మొలకెత్తింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకి కూడా స్టేషనులో అప్పగించాలి, పంది మాత్రం ఎన్నికల కోడ్ చూసి ఆగదు.

తుపాకి అందని చోట కరెంటు తీగ వచ్చింది, పిండిముద్దలో దాచిన నాటు బాంబు వచ్చింది. తీగకు పందితో పాటు ఆవు, చిరుత, నీరు పెట్టడానికి వెళ్లిన మనిషి కూడా బలవుతున్నారు. బాంబు కొరికిన పంది దవడ పగిలి తిండి లేక చస్తుంది. కేరళ 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే పందుల్ని కాల్పించే అధికారం ఇచ్చి, లైసెన్సున్న గురికాండ్రను పిలిపించుకునే వీలు కల్పించింది. మన ఏజెన్సీ పంచాయతీలకు అలాంటి అధికారం అవసరం లేదనలేం. ఆయుధాల చట్టం 13వ సెక్షనులోని వెసులుబాటును కలెక్టర్లు వాడి, మందు పోసే తుపాకికి బదులు వెనక నుంచి తూటా నింపే 12 బోరు తుపాకిని పంట కాలానికి ఊరికొకటైనా ఇప్పించి, దానికి అటవీ శాఖ అనుమతిని ముందే జతచేసి పెడితే, మంచె మీది రైతు తీగ కట్టడు.