ఆంగ్లంలో క్రియానామ, తుమున్నర్థక ప్రయోగాల చరిత్ర: తెలుగు దృష్టితో ఒక పరిశీలన

ఆంగ్లంలో కొన్ని క్రియల తరువాత 'ఇంగ్' ప్రత్యయాంతమైన క్రియానామం వస్తుంది. మరికొన్నింటి తరువాత 'టు'తో కూడిన తుమున్నర్థకం వస్తుంది. 'ఎంజాయ్ రీడింగ్' సాధువు, 'ఎంజాయ్ టు రీడ్' అసాధువు. 'హోప్ టు రీడ్' సాధువు, 'హోప్ రీడింగ్' అసాధువు. బోధనా గ్రంథాలు ఈ క్రియలను పట్టికలుగా ఇచ్చి కంఠస్థం చేయమంటాయి. ఈ భేదానికి చారిత్రక మూలం ఉన్నదనీ, దానిని గ్రహించడానికి తెలుగు వాక్యనిర్మాణం తోడ్పడుతుందనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

తుమున్నర్థక పరిణామం

ప్రాచీనాంగ్లంలో తుమున్నర్థకానికి రెండు రూపాలు ఉండేవి. 'వ్రీటన్' (రాయ) అనే 'అన్' ప్రత్యయాంత రూపం సహాయక క్రియలతో నేరుగా అన్వయించేది. 'టో వ్రీటెన్నె' అనేది చతుర్థీ విభక్తి రూపం; ఇందులోని 'టో' గమ్యాన్ని, ప్రయోజనాన్ని తెలిపేది. తెలుగులోనూ 'రాయగలడు', 'రాయలేదు' అన్నచోట 'రాయ' నేరుగా చేరుతుంది. ప్రయోజనం చెప్పవలసినప్పుడు 'రాయడానికి' అని చతుర్థి వస్తుంది. ఈ సామ్యం జన్యజనక సంబంధం వల్ల వచ్చినది కాదు, కేవలం నిర్మాణపరమైనది. మధ్యాంగ్లంలో అంత్య ప్రత్యయాలు లోపించగా, 'టు' తుమున్నర్థక చిహ్నంగా స్థిరపడింది. అయినా జరగవలసిన పనిని సూచించే గుణం దానిలో కొంత నిలిచింది.

క్రియానామ పరిణామం

'ఇంగ్' మొదట 'ఉంగ్', 'ఇంగ్' రూపాల్లో భావనామాలను కల్పించిన ప్రత్యయం. 'లెయోర్నుంగ్' (నేర్చుకోవడం) అందుకు ఉదాహరణ. నామం కావడం వల్ల దాని కర్మ 'ఆఫ్'తో వచ్చేది. క్రమంగా అది క్రియవలె కర్మను నేరుగా గ్రహించసాగింది. అటుపిమ్మట దాని వ్యాప్తి తుమున్నర్థకం ఉన్న స్థానాల్లోకీ సాగింది. నేడు 'ఇంగ్' రూపాన్నే కోరే 'అవాయిడ్' క్రియ పూర్వం 'టు' రూపంతోనూ ప్రయుక్తమైంది. రోడెన్‌బర్గ్, వోస్‌బర్గ్ వంటి పరిశోధకులు ఈ మార్పులను విస్తృతంగా పరిశీలించారు. కనుక నేటి పట్టికలు తర్కనిర్ణీతాలు కావు, ఒక దీర్ఘ పరిణామంలోని ప్రస్తుత దశ మాత్రమే.

తెలుగు అభ్యాసకుని సమస్య

'-డం' రూపానికి 'ఇంగ్' సమానమని నేర్పడం వాడుక. 'తాగడం మానాడు', 'తాగడానికి ఆగాడు' అనే వాక్యాలు 'స్టాప్ డ్రింకింగ్', 'స్టాప్ టు డ్రింక్' భేదాన్ని చక్కగా చూపుతాయి. కాని 'చెప్పడం మరిచిపోయాను' అంటే సాధారణంగా చెప్పలేదనే అర్థం. ఆంగ్లంలో ఇక్కడ 'ఫర్‌గాట్ టు టెల్' అనాలి. 'ఫర్‌గాట్ టెల్లింగ్' అంటే 'చెప్పిన సంగతి మరిచిపోయాను' అని అర్థం. రూపసామ్యాన్ని నమ్మిన విద్యార్థి చెప్పని మాటను చెప్పినట్లు ఒప్పుకుంటాడు.

ముగింపు

జరగవలసిన పనికి 'టు', జరిగిన లేదా జరుగుతున్న పనికి 'ఇంగ్' అనే విభజన చరిత్రకు అనుగుణమే గాని సార్వత్రిక సూత్రం కాదు. 'కన్సిడర్', 'సజెస్ట్' వంటి క్రియలు జరగని పనిని తెలిపినా 'ఇంగ్'నే కోరుతాయి. కాబట్టి బోధనలో పట్టికతోపాటు చరిత్రనూ, తెలుగు రూపాల అర్థభేదాన్నీ చేర్చడం సముచితం.