గుర్రాలకు గడ్డి కోసిందెవరు?

హైదరాబాదు గుర్రప్పందేల గురించి ఎక్కడ చదివినా ఒక వాక్యం ఎదురవుతుంది: ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1868లో మౌలాలిలో వీటిని ప్రారంభించాడని. ఆయన పుట్టింది 1866లో, గద్దెనెక్కింది 1869లో. అంటే పందేలు ‘ప్రారంభించే’ నాటికి ఆయన రెండేళ్ల పసివాడు. ఇంకా రాజు కూడా కాలేదు. అయినా ఆ వాక్యం అలా చెలామణీ అవుతూనే ఉంది. పాలుతాగే పిల్లవాడికి ఘనత కట్టబెట్టడానికి వెనకాడని చరిత్ర, చాకిరీ చేసిన ఆడవాళ్ల పేర్లు రాయాల్సి వచ్చేసరికి మౌనం వహిస్తుంది.

నేనుండేది అల్మాస్‌గూడలో. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కోఠీ వెళ్లే దారిలోనే మలక్‌పేట రేసుకోర్సు. నిజాం నివాసమైన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా ఉంటుందని 1886లో పందేలను ఇక్కడికి మార్చారు. 1911లో ఆయన చనిపోయాక అవి సికింద్రాబాదు పరేడ్ గ్రౌండ్స్‌కు వెళ్లిపోయాయి. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది. 1968లో పందేలు తిరిగి మలక్‌పేటకు వచ్చాయి. రాజు, మహలు, క్లబ్బు. ఈ కథలో రేసుకోర్సును ‘నడిపినవాళ్లు’ వీళ్లే.

అసలు నడపడమంటే ఏమిటి? ఇక్కడ ఏడాదికి రెండు సీజన్లు: వానాకాలానిదొకటి, చలికాలానిదొకటి. పందెం జరిగే రోజులు లెక్కపెడితే ఏడాదిలో కొన్నే. గుర్రానికి మాత్రం ప్రతిరోజూ మేత కావాలి, నీళ్లు కావాలి, మాలీషు కావాలి. లద్దె ఎత్తాలి, లాయం ఊడ్వాలి. అచ్చం మన ఇంటిపని లాంటిదే: చేస్తే కనబడదు, మానేస్తే కనబడుతుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి దేశమంతా పందేలు ఆగిపోయాయి. గుర్రాల ఆకలి ఆగలేదు. రేసుకోర్సును నిజంగా ఎవరు నడుపుతున్నారో ఆ ఏడాది చెప్పినంత స్పష్టంగా మరే ఏడాదీ చెప్పి ఉండదు.

వలసపాలన నాటి అశ్వశాలల్లో గుర్రాన్ని చూసుకునే సయీసుతో పాటు గడ్డి కోసుకొచ్చే మనిషి కూడా ఉండేవారు. చాలాచోట్ల ఆ మనిషి సయీసు భార్యే. ఆమె కొడవలి పట్టి కోసిన గడ్డి తిని గుర్రం పరిగెత్తింది. గుర్రం పేరు రికార్డులకెక్కింది, యజమాని పేరు కప్పు మీదికెక్కింది. ఆమె సయీసు భార్యగానే మిగిలిపోయింది.

ఇది మనకే పరిమితం కాదు. ఇంగ్లండులో ఫ్లోరెన్స్ నేగల్ పందెపు గుర్రాలకు శిక్షణ ఇచ్చేది. ఆడది కాబట్టి జాకీ క్లబ్ ఆమెకు లైసెన్సు నిరాకరించింది. ఏళ్ల తరబడి ఆమె దగ్గర పనిచేసే మగవాడి పేరు మీదే లైసెన్సు నడిచింది. పని ఆమెది, పేరు అతనిది. చివరికి ఆమె కోర్టుకెక్కి 1966లో తన పేరు తాను సాధించుకుంది. ఆమెకు డబ్బూ చదువూ ఉన్నాయి, కోర్టు తలుపు తట్టగలిగింది. గడ్డి కోసిన మనిషి ఏ తలుపు తట్టాలి?

పందెం గోడకు అవతల కూడా స్త్రీలున్నారు. గుర్రప్పందెం నైపుణ్యమే కానీ జూదం కాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న చర్చ బాగానే సాగింది. ఓడిన జీతంతో నెల గడిపే ఇల్లాలి నైపుణ్యం గురించి మాత్రం ఏ కోర్టూ విచారించలేదు. నిండు సభలో ద్రౌపది వేసిన ప్రశ్న ఇంకా అక్కడే నిలబడి ఉంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, కాగితాల్లో లేనివాళ్లను వాళ్ల నోటి మాటల్లో వెతకొచ్చని మనకు నేర్పింది. మలక్‌పేట చరిత్రకూ అదే దారి. గెలిచిన గుర్రాల పట్టిక ఎలాగూ ఉంటుంది. లాయాల చుట్టుపక్కల బస్తీల్లో ముసలమ్మలు ఉండగానే మనం వెళ్లి అడగాలి: అమ్మా, ఆ రోజుల్లో గడ్డి ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్లు? ఎవరు కోసేవాళ్లు? మోపుకి ఎంతిచ్చేవాళ్లు?