ఊక నుండి ఎముక వరకు

గోదావరి, కృష్ణా మండలములలో ధాన్యపు మిల్లుల ప్రక్కగా నడచినవారికి ఊక గుట్టలు క్రొత్త కావు. వడ్ల బరువులో సుమారు అయిదవ వంతు ఊకయే. పశువు దానిని ఇష్టపడి తినదు. పొలమున వేసినను త్వరగా కుళ్ళదు. అందుచేత మనవారు దానిని ఇటుక బట్టీలలోను, మిల్లు బాయిలర్లలోను కాల్చిరి. దాని బూడిదతో పళ్ళు తోముకొనిరి. ఇంత తేలికగా చూడబడిన ఈ వస్తువు ఎముకల వైద్యునికి అక్కరకు రాగలదని శాస్త్రజ్ఞులు ఆశించుచున్నారు. ఆ ఆశ వెనుక నున్న చరిత్రను మనవి చేయుదును.

విరిగిన ఎముక సాధారణముగా తనంతట తాను అతుకుకొనును. కాని రోగము వలననో ప్రమాదము వలననో కొంత భాగము పోయినచో ఆ లోటు పూరించుట కష్టము. రోగి తుంటి నుండి ఎముక తీసి అచ్చట అమర్చుట పాత పద్ధతి; అది నేటికిని మేలైనదే. అయితే ఒక గాయమును మాన్పుటకు మరియొక గాయము చేయవలసి వచ్చును. తీయదగిన ఎముకకును మితి కలదు. కావున బదులు వస్తువు కొఱకు అన్వేషణ సాగినది. 1892లో జర్మనీ వైద్యుడు డ్రీస్‌మన్ ఎముకలలోని గుంటలను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపెను. 1920లో అమెరికాలో ఆల్బీ కాల్షియం ఫాస్ఫేటును ప్రయోగించెను. తరువాత లోహములు, ప్లాస్టిక్కులు వచ్చినవి. అవి బలమైనవే, కాని దేహము వానిని పరాయివిగా నెంచి, చుట్టును నారపొర కట్టి వేరుపరచుచుండెడిది.

1967లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు లారీ హెంచ్ ఒక సభకు బస్సులో పోవుచుండెను. ప్రక్కన కూర్చున్నవాడు వియత్నాం యుద్ధము నుండి తిరిగివచ్చిన సైనికాధికారి. అవయవములు పోగొట్టుకొన్న యువకులను కన్నులార చూచినవాడు. తీవ్రమైన రేడియేషనుకు తట్టుకొను పదార్థములను చేయగల మీరు, మనిషి దేహములో నిలువగల పదార్థమును చేయలేరా యని అతడడిగెను. ఆ ప్రశ్న హెంచ్‌ను విడువలేదు.

ఎముకలోని ఖనిజము కాల్షియం, ఫాస్ఫేటులతో కూడిన అపటైటు. అట్టి పొరను తనపై తానే ఏర్పరచుకొను గాజు నొకదానిని చేసినచో దేహము దానిని త్రోసివేయదని హెంచ్ తలచెను. 1969లో సిద్ధమైన గాజులో నూటికి 45 పాళ్ళు సిలికా, 24.5 పాళ్ళు సోడియం ఆక్సైడు, 24.5 పాళ్ళు కాల్షియం ఆక్సైడు, 6 పాళ్ళు ఫాస్ఫరస్ పెంటాక్సైడు. ఎముకల వైద్యుడు గ్రీన్‌లీ దానిని ఎలుకల తొడ ఎముకలలో అమర్చెను. ఆరు వారముల పిమ్మట లాగి చూడగా గాజు ఊడిరాలేదు; ఎముక దానితో ఏకమైపోయినది. 1971లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి. 1985లో మధ్యచెవి ఎముకలకు బదులుగా దీనిని వాడుటకు అమెరికాలో అనుమతి లభించినది.

ఆ గాజులో హెచ్చుపాలు సిలికాయే గదా! వరి మొక్క భూమి నుండి సిలికాను గ్రహించి గింజ తొడుగున దాచుకొనును. ఊక బూడిదలో నూటికి 85 నుండి 95 పాళ్ళు అదియే. ఊకను ముందుగా ఆమ్లముతో కడిగి, సుమారు 700 డిగ్రీలకు మించకుండ కాల్చినచో సిలికా స్ఫటికములుగా గట్టిపడక చురుకుగా నుండును. దానిని కాస్టిక్ సోడాలో కరగించి, ఆమ్లము చేర్చి, శుద్ధమైన సిలికాను రాబట్టుదురు. సున్నమునకు కోడిగ్రుడ్డు పెంకు చాలును. దానిలో నూటికి 94 పాళ్ళ వరకు కాల్షియం కార్బొనేటే. భారతదేశముతో సహా పలు దేశముల ప్రయోగశాలలలో ఈ విధముగా ఎముక పూరకములు తయారు చేసిరి. 1990లో జపాను శాస్త్రజ్ఞుడు కొకుబో ప్రకటించిన కృత్రిమ దేహద్రవములో ముంచి, వానిపై అపటైటు పొర ఏర్పడుటను పరీక్షించుచున్నారు.

అయితే ద్రవములో ఏర్పడిన పొర రోగి కాలిలో ఏర్పడిన ఎముక కాదు. ఈ గాజు పెళుసు. దేహభారము మోయు చోట ఒంటరిగా నిలువదు. పొలమును బట్టి ఊకలోని మలినములు మారును. ఆర్సెనిక్ వంటి విషములు లేశమైనను మిగులరాదు. ఇసుకయు చౌకయే గదా! వైద్యవస్తువు ఖరీదు ముడిసరుకులో కంటె శుద్ధిలోను, పరీక్షలోను ఎక్కువగా నుండును. జంతువులపైనను, పిమ్మట మనుష్యులపైనను ఓపికగా పరీక్షించి నిగ్గుతేల్చిన నాడే మిల్లు ఊక ఆసుపత్రికి చేరదగును. బస్సులో ఆ సైనికాధికారి అడిగినది చౌకయైన పదార్థము కాదు, దేహము తనదిగా స్వీకరించు పదార్థము. ఊకను పరీక్షించువారును మొదట సమాధానము చెప్పవలసినది ఆ ప్రశ్నకే.