పచ్చకర్పూరపు చెట్టు, దాని నేల

పూర్వము మన దేశమునకు పచ్చకర్పూరము ఓడలమీద వచ్చెడిది. సుమత్రా, మలయా, బోర్నియో అడవులలోని ఒక మహావృక్షపు మ్రానులో, చీలికలయందు తెల్లని పలుకులుగా అది పేరుకొనును. సుమత్రా పడమటి తీరమందలి బారూస్ రేవు ఈ వర్తకమునకు పేరెన్నికగన్నది. అయిదువందలవారు అను దక్షిణ దేశపు వర్తక సమూహము 1088వ సంవత్సరమున వేయించిన తమిళ శాసనమొకటి అచ్చట దొరకినది. ఆ ప్రాంతపు కర్పూరము ఎత్తుకు ఎత్తు బంగారమునకు అమ్ముడుపోవునని మార్కో పోలో వ్రాసెను. నేడు అంగళ్లలో దొరకుదానిలో అధిక భాగము ఈ చెట్టునుండి వచ్చునది కాదు.

కర్పూరమును తూచి కొన్నవారు చెట్టును చూచినవారు కారు. చెట్టు నెరిగినవారు అడవి జనులు. జోహోరు అడవులలోని జాకూనులు కర్పూరము వెదకబోవునపుడు నిత్యపు మాటలను విడిచి, అందుకై ఏర్పడిన వేరొక భాష మాటాడెడివారు. ప్రతి చెట్టునందును కర్పూరముండదు. ఉన్నదీ లేనిదీ పైకి తెలియదు. కావున ఎన్ని మ్రానులు వృథాగా కూలినవో!

మలయులు ఈ చెట్టును కాపూర్ అందురు. విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి తోటపనికి వచ్చిన పెద్దలెరిగిన గుగ్గిలపు చెట్టు కుటుంబమునకు చెందినదే ఇది. ఒకచో కాపూర్ చెట్లు గుంపులు గుంపులుగా నుండును. కొంత దూరము నడచిన ఒక్కటియు కానరాదు. వాన ఒక్కటే, ఎండ ఒక్కటే. భేదమునకు కారణము కాలిక్రింది నేలయందు వెదకవలసి వచ్చెను.

ఉష్ణమండలపు అడవిలో ఏ చెట్టు ఎచ్చట మొలచుననునది కేవలము దైవికమని తలచినవారు ఒకప్పుడు లేకపోలేదు. పీటర్ ఆష్టన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1957 మొదలు బ్రూనైలో అడవులను పరీక్షించి, సముద్రమునకు చేరువగా ఇసుక నేలగల అండులావు అడవిని, లోతట్టున నిట్రమైన బంకమట్టి కొండలుగల బెలలాంగ్ అడవితో పోల్చెను. నేల మారినచో చెట్ల జాతులును మారుచున్నవని 1964లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను.

సరావాక్‌లో మీరి పట్టణమునకు దక్షిణముననున్న లంబిర్ కొండలలో ఈ సంగతి మరింత స్పష్టమైనది. 1990 తరువాతి సంవత్సరములలో అచ్చట 52 హెక్టారుల అడవిని కొలిచి, వ్రేలి మందము గల మొక్క మొదలుకొని మూడున్నర లక్షలకు పైబడిన చెట్లను గుర్తించిరి. అందు జాతులే 1,100కు మించినవి. కోటి యేండ్లకు పూర్వపు ఇసుకరాయియు పలకరాయియు పొరలు పొరలుగా అచ్చట పైకి లేచియున్నవి. ఇసుకరాయి చివికి ఇసుకమట్టి అయినది. పలకరాయి చివికి బంకమట్టి అయినది. కాపూర్ చెట్టు ఇసుక గట్లనెక్కినది. దాని తోబుట్టువనదగిన మరియొక కాపూర్ జాతి బంకమట్టియందే నిలిచినది. ఒకే కొండ, ఒకే యింటిపేరు, రెండు కాపురములు!

ఇసుకమట్టిలో నీరు నిలువదు. సారమును వాన కడిగివేయును. రాలిన ఆకు మెల్లగా క్రుళ్లుటచే పైన ఆకుదుబ్బు దట్టమగును, వేళ్లు దానిలోనే అల్లుకొనును. అచ్చటి చెట్టు లభించినదానిని పొదుపుగా వాడుకొనుచు నెమ్మదిగా పెరుగును, చాలకాలము బ్రదుకును. బంకమట్టిమీది చెట్లు త్వరగా పెరుగును, త్వరగా కూలును. పొదుపరియైన చెట్టును సారవంతమైన నేలలో నాటినను దానికి లాభము తక్కువ. పరుగున పెరుగు పొరుగు చెట్లు వెలుతురును కప్పివేయును.

ఇంతకంటె నిస్సారమైన తెల్లని ఇసుక నేలను సరావాక్‌లోని ఇబాను జనులు కెరంగాస్ అందురు. నరికి కాల్చినను వరి పండని నేల అని దాని భావము. శాస్త్రజ్ఞులు వేరొక పేరు వెదకక ఆ మాటనే తమ గ్రంథములలో స్వీకరించిరి. వరి చల్లి నష్టపోయినవాని మాటకంటె నిక్కమైన మాట ఎచ్చట దొరకును?

అయితే అంతయు నేలవలననే జరుగుననుట సరికాదు. కాపూర్ కాయకు రెక్కలున్నను అది తల్లిచెట్టునకు చేరువనే రాలును. గుంపు కట్టుటకు అదియు నొక కారణము. ఆ విత్తనము నిలువయుండునది కాదు. రాలిన కొద్ది దినములలో మొలకెత్తవలెను, లేదా చావవలెను. పూతయు ఏటేట రాదు; కొన్ని యేండ్లకొకసారి అడవియంతయు ఒక్కుమ్మడిగా పూచును.

లంబిర్ కొండలు 1975లో రక్షితవనమైనవి. ఆ వనము ఇంచుమించు 7,000 హెక్టారులు. చుట్టును చాలవరకు నూనెతాటి తోటలే. గట్టుమీది కాపూర్ చెట్టు పూచిన యేట తన కాయలను తన ఇసుకమీదనే రాల్చుచున్నది. ఆ తోటలను దాటి, ఆవల మరియొక ఇసుక గట్టును చేరుకొను బలము ఆ రెక్కలకు లేదు.