దివాన్ గారి పాలరాయి

నవా రాయ్‌పూర్‌లోని కొత్త శాసనసభ భవనాన్ని చూసి తిరిగివస్తూ, రాయ్‌పూర్ నగరంలో ఒక తెలుగు మిత్రుని ఇంటికి వెళ్ళాను. ఇల్లు అనడం తొందరపాటే. గోడలు లేచాయి, కప్పు పడింది, లోపలి పని ఇంకా మొదలు కాలేదు. మిత్రుని తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుండి రైల్వే కొలువు మీద వచ్చినవారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం పూర్తయిన తరువాత ఇటు వచ్చి స్థిరపడిన అనేక కుటుంబాలలో అదొకటి. మనవడు ఇప్పుడు గుత్తేదారు. చేతిలో సొమ్ము ఉంది, ఊరి అంచున స్థలం ఉంది, బొంబాయి నుండి వచ్చిన ఇంటీరియర్ డిజైనర్ ఉన్నాడు.

నేల మీద పాలరాతి ముక్కలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒకటి ఇటలీది, ఒకటి మక్రానాది, ఒకటి వియత్నాందట. పక్కన టేకు వెనీర్ పలకలు, ఇత్తడి పట్టీలు, గోడ పూతల నమూనాలు. “అన్నా, ఢిల్లీలో పెద్దవాళ్ళ బంగళాలు ఎన్నో చూసిన కళ్ళు మీవి. హాలుకు ఏది వేయించమంటారో మీరే చెప్పండి” అన్నాడు మిత్రుడు. నేను నోరు తెరిచేలోగా ఆయన తల్లిగారు డిజైనర్ వైపు తిరిగి, “దీనిమీద పసుపు పడితే మరక పోతుందా బాబూ?” అని అడిగారు. వెంటనే తుడిస్తే పోతుందని, చింతపండు, నిమ్మరసం తగిలితే మాత్రం మెరుపు చెడుతుందని ఆ యువకుడు నిజాయితీగానే చెప్పాడు. “అయితే వంటింట్లో రాయికి కాపలా కాయాలన్నమాట” అన్నారామె.

ఆ పూట నేను సలహా ఏదీ ఇవ్వలేదు. నాకు మాత్రం నవాబ్ వికారుల్ ఉమ్రా గుర్తుకువచ్చాడు. మన నేల మీద ఇంటి లోపలి హంగుల కోసం అంతగా తపించినవాడు, ఆ హంగుల చేతనే అంతగా కుంగినవాడు మరొకడు నాకు తెలియదు.

వికారుల్ ఉమ్రా పాయెగా వంశస్థుడు. హైదరాబాద్ రాజ్యంలో నిజాం తరువాత నిజాం అంతటివారు ఈ పాయెగాలు. సొంత జాగీర్లు, సొంత సైన్యం, నిజాం ఇంటితో వియ్యం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ సోదరి ఈయన భార్య. 1883 ఫిబ్రవరిలో మొదటి సాలార్‌జంగ్ హఠాత్తుగా మరణించాడు. మూడు దశాబ్దాల పాటు ఒకే మనిషి చేతిలో ఉన్న దివాన్ గిరీ ఖాళీ అయింది. 1884 ఫిబ్రవరి 5న వైస్రాయ్ లార్డ్ రిపన్ స్వయంగా హైదరాబాద్ వచ్చి యువ నిజాంకు సర్వాధికారాలు అప్పగించాడు. సరిగ్గా నెల తిరగకుండా, మార్చి 3న, చార్మినార్‌కు దక్షిణాన కోహెతూర్ గుట్ట మీద ఫలక్‌నుమాకు పునాదిరాయి పడింది. ఈ రెండు తేదీలను చరిత్ర పుస్తకాలు వేర్వేరు అధ్యాయాలలో పెడతాయి. పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ ఇల్లు ఎందుకు పుట్టిందో కొంత అర్థమవుతుందని నా అభిప్రాయం. అధికారం చేతులు మారుతున్న వేళ, పదవికి పోటీదారు అయిన ప్రభువు, బ్రిటిష్ రెసిడెంటు తల ఎత్తి చూడవలసిన చోట ఇల్లు మొదలుపెట్టాడు.

వాస్తుశిల్పి విలియం వార్డ్ మారెట్. నమూనా యూరప్‌ది. లోపలి వస్తువులు కూడా అటువే. ఇటలీ పాలరాయి, వెనిస్ దీపగుచ్ఛాలు, ఆస్లర్ కంపెనీ వారి 138 కొమ్మల దీపవృక్షాలు, రంగుటద్దాల కిటికీలు, నాట్యశాలలో రెండు టన్నుల ఆర్గన్ వాద్యం. బిలియర్డ్స్ బల్ల లండన్‌లోని బరోస్ అండ్ వాట్స్ వారిది. గ్రంథాలయానికి చెక్కిన వాల్‌నట్ కప్పు, అది విండ్సర్ కోటలోని గ్రంథాలయపు కప్పుకు ప్రతిరూపమని చెబుతారు. భోజనశాలలో 108 అడుగుల బల్ల, 101 మందికి కుర్చీలు. ఒక కొసన కూర్చున్నవాడు గొంతు తగ్గించి మాట్లాడినా రెండవ కొసకు వినబడుతుందట. దివాన్ పదవి మీద కన్నున్న మనిషి ఇంట ఇంతకన్నా పనికివచ్చే ఏర్పాటు ఏముంటుంది?

ఈ వస్తువులు గుట్ట ఎక్కడం వెనుక కొత్త రవాణా ఉంది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది. 1874లో వాడి నుండి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. అంతకు ఒక తరం ముందు ఎంతటి నవాబుకైనా ఇటలీ రాయిని ఈ మోతాదులో దక్కను నడిబొడ్డుకు తేవడం గగనమే. గుట్ట చుట్టూ ఏముందో కూడా చూడాలి. కొద్ది మైళ్ళ దూరంలోనే పాయెగాల సొంత సమాధుల ప్రాంగణం ఉంది. డంగుసున్నంతో పోసిన పూలు, జాలీలు, పాలరాతి పొదుగుపని. కుతుబ్‌షాహీల కాలం నుండి హైదరాబాద్ మేస్త్రీలకు వెన్నతో పెట్టిన విద్య అది. చచ్చినవారికి ఊరి మేస్త్రీ చాలినప్పుడు బతికున్నవారికి ఎందుకు చాలలేదు? సమాధిని చూడటానికి వైస్రాయ్ రాడు గనుక. ఈ మాట కటువుగా ఉందని కొందరు మిత్రులు అన్నారు. నేను మార్చుకోలేదు.

అభిరుచి కూడా ఆకాశం నుండి ఊడిపడలేదు. కోఠీలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ 19వ శతాబ్దపు తొలి దశకం నాటికే నిలబడింది, అదీ నిజాం సొమ్ముతో. యజమాని ఎవరో, అతిథి ఎవరో తేల్చి చెప్పిన ఇల్లు అది. ఎనిమిది దశాబ్దాల తరువాత హైదరాబాద్ ప్రభువర్గం తమ ఇళ్ళను అదే భాషలో రాసుకుంది. వికారుల్ ఉమ్రా దాయాది ఆస్మాన్‌జా కూడా అదే కాలంలో బషీర్‌బాగ్‌లోనూ, మలక్‌పేట గుట్ట మీదా మేడలు లేపాడు. ఒకరి కంటే ఒకరిది ఎత్తు. ఇద్దరూ ఒకరి తరువాత ఒకరు దివాన్లయ్యారు కూడా.

ఫలక్‌నుమాకు నిర్మాణం, లోపలి హంగులు కలిపి సుమారు 40 లక్షల రూపాయలు అయ్యాయని అంటారు. దాదాపు పదేళ్లు పట్టింది. జాగీరు రాబడి చాలక అప్పులు చేశాడు. గోడలు కాదు, గోడలకు పట్టించినవి ముంచాయి. ఈ సంగతి ఇల్లు కట్టిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. పునాది లెక్క కాగితం మీద ఉంటుంది, పూత లెక్క కళ్ళలో ఉంటుంది. చివరకు 1897 ప్రాంతంలో మహబూబ్ అలీ ఖాన్‌ను అతిథిగా పిలిచి, మేడను ఆయన పాదాల దగ్గర పెట్టారు. ఆ ఉపాయం భార్యదని కథనం. నిజాం కానుకను స్వీకరించి, బావగారి మర్యాద చెడకుండా సొమ్ము చెల్లించాడు. అంటే దివాన్ అప్పు రాజ్య ఖజానా దారి పట్టింది. ఆ రోజుల్లో నిజాం సొమ్ము, రాజ్యపు సొమ్ము మధ్య గీత ఎంత పలుచనో మనకు తెలియనిది కాదు. ఆ గీత చివర రైతు ఉన్నాడు. 1896–97లోనూ, మళ్ళీ 1899–1900లోనూ దక్కనును కరువు కాల్చింది. రెండు పర్యాయాలూ హైదరాబాద్ దివాన్ వికారుల్ ఉమ్రాయే. 1901లో పదవి పోయింది, మరుసటి ఏడాది ఆయనా పోయాడు. ఎవరికి చూపాలని ఆ ఇల్లు కట్టాడో వారు మాత్రం వచ్చారు. తరువాత ఐదవ జార్జి అయిన యువరాజు 1906లో, ఎనిమిదవ ఎడ్వర్డ్ కాబోయే యువరాజు 1922లో. ఇల్లు అప్పటికి ఆయనది కాదు.

మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో ఆ మేడలోనే కన్నుమూశాడు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌ది పూర్తిగా వేరే దారి. కమాల్ ఖాన్ అనే ప్రభువు తన మేడ తలుపులు, కిటికీలన్నిటి మీద తన పేరులోని తొలి అక్షరాలు రెండు “కే”లు చెక్కించుకున్నాడు. ఆ మేడ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. చెక్కడాలు మార్పించడం ఖర్చుతో కూడిన పని. ఇంటి పేరు మార్చి కింగ్ కోఠీ అన్నాడు, అక్షరాలు సరిపోయాయి. ప్రపంచంలోకెల్లా ధనికుడని పత్రికలు రాసిన మనిషి 1967లో చనిపోయేవరకు ఇంకొకడి పొడి అక్షరాల మధ్యనే బతికాడు. పిసినారితనమని నవ్వేవారు నవ్వవచ్చు. ఎవరికీ ఏదీ చూపవలసిన అవసరం లేనివాడు ఆయనొక్కడే అని నాకు అనిపిస్తుంది.

ఫలక్‌నుమాలో 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దిగారు. తరువాత దశాబ్దాల పాటు తలుపులు మూతపడ్డాయి. 2010లో తాజ్ వారి హోటల్‌గా తెరుచుకుంది. 2017 నవంబరు 28న 101 కుర్చీల బల్ల చుట్టూ ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్, ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు కూర్చున్నారు. విదేశీ అతిథి కోసం వేసిన బల్ల, 130 ఏళ్ళు దాటినా అదే పని చేస్తోంది.

ఇప్పటి రాజకీయాల్లోనూ ఇంటి లోపలి పనే వార్త. రుషికొండ భవనాల స్నానాల గదులు 2024లో, ఢిల్లీ ముఖ్యమంత్రి నివాసపు పాలరాయీ తెరలూ 2025 ఎన్నికల్లో ఎంత దూరం వెళ్ళాయో చూశాం. మేమూ, అంటే విలేఖరులం, గజం ధరలు లెక్కగట్టి రాశాం. ఆ రాయే ఎందుకు, ఎవరు చూడాలని, అన్న ప్రశ్న మా వార్తల్లో కనబడదు.

ఆ ప్రశ్నతోనే నేను నవా రాయ్‌పూర్ సభామందిరంలో తల ఎత్తి చూశాను. కప్పు మీద వరికంకులు, ఆకులు. తలుపులు బస్తర్ వడ్రంగుల చేతిపని. ఓరుగల్లు నుండి వెళ్ళిన కాకతీయ శాఖ ఏలిన బస్తరే అది. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు, కనుక కంకి సహజమే అనుకోవచ్చు. కానీ ఇక్కడ వరి క్వింటాలుకు 2500 రూపాయలిస్తామని కాంగ్రెస్ 2018లో, 3100 ఇస్తామని భారతీయ జనతా పార్టీ 2023లో గెలిచాయి. ఆ కప్పు కింద కూర్చునేవారిని అక్కడికి పంపింది ఆ కంకే. విండ్సర్ కప్పును తెచ్చుకున్న దివాన్‌తో పోలిస్తే ఇది మెరుగని ఒప్పుకుంటాను. కనీసం చూడవలసినవాడు ఈ ఊరివాడు. వాడిని లోపలికి ఎంతమేరకు రానిస్తారన్నది వేరే విషయం.

ఎవరూ చూడరని తెలిసి ఇల్లు అలంకరించిన మనిషి ఒకరు ఈ రాష్ట్రంలోనే ఉండేవారు. సర్గుజా జిల్లా పుహ్‌పుత్రా గ్రామానికి చెందిన సోనాబాయి రజ్వార్. భర్త ఆమెను ఏళ్ల తరబడి బయటి మనుషులతో కలవనివ్వలేదు. పసివాడికి బొమ్మలు కొనే దారి లేక మట్టితో చేయడం మొదలుపెట్టారు. తరువాత ఇంట్లో నీడ కోసం వెదురు బద్దలను గుండ్రంగా వంచి, కట్టి, పైన మట్టి మెత్తి జాలీలు అల్లారు. వాటిలో పక్షులను, కోతులను కూర్చోబెట్టారు. రంగులు మట్టి నుండి, ఆకుల నుండి తీశారు. 1980ల తొలినాళ్ళలో భోపాల్ భారత్ భవన్ వారి కంటపడేదాకా ఆ ఇల్లు ఒక తల్లి, ఒక బిడ్డ మాత్రమే చూసిన ఇల్లు. తరువాత జాతీయ గౌరవం వచ్చింది, విదేశాల్లో ప్రదర్శనలు జరిగాయి. ఆమె 2007లో మరణించారు. ఆ జాలీలకు అయిన ఖర్చు ఎవరి పన్నులోనూ లేదు.

ఇదంతా మిత్రునికి ఫోనులో చెప్పాను. ఓపికగా విన్నాడు. వంటింటికి, పూజగదికి తల్లిగారి మాట ప్రకారం కడప బండ ఖాయం చేశాడట. పసుపు పడినా, నూనె పడినా తెలియదని ఆమె నమ్మకం. హాలు సంగతి ఇంకా తేలలేదు. గృహప్రవేశానికి మంత్రిగారు వచ్చేదీ రానిదీ తెలిశాక రాయి చెబుతానన్నాడు.